కట్ట అవతలి మనుషులు

మార్లో ఫెర్రీ అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రంలో ఒక చిన్న ఊరు. అక్కడివాళ్ళు మాత్రం దాన్ని సిటీ అంటారు. మేయరున్నాడు, కోర్టుంది, ఊరి మొదట్లో జనాభా రాసిన ఆకుపచ్చ బోర్డుంది. తొమ్మిది వేలు కూడా నిండని జనాన్ని పట్టుకుని సిటీ అనడం చూసి రాధారాణికి కొత్తలో నవ్వొచ్చేది. ఆమె పెరిగిన ఏలూరులో ఒక్క పేటలోనే అంతమంది ఉంటారు.

ఊరి నేల తీరు మాత్రం ఆమెను మొదటి నుంచీ ఆకట్టుకుంది. ఆటర్ నది ఉత్తరం నుంచి తిన్నగా వచ్చి, సున్నపురాతి గుట్టకు కొట్టుకుని, కొడవలిలా వంగి పడమటికి తిరుగుతుంది. గుట్టమీద ఆసుపత్రి, కోర్టు, ఓక్ చెట్ల నీడలో డాక్టర్ల ఇళ్ళు. గుట్ట దిగితే రైలు పట్టాలు. పట్టాలు దాటితే పల్లం. దాన్ని బాటమ్స్ అంటారు. ధాన్యం గోదాములు, ఎప్పుడో మూతపడిన గుండీల ఫ్యాక్టరీ, టమాటాలు డబ్బాల్లో నింపే క్యానరీ, ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ చెక్క ఇళ్ళు అన్నీ అక్కడే. పల్లం చివర వరదకు అడ్డంగా పోసిన మట్టికట్ట. కట్ట అవతల విల్లో చెట్లు, చిత్తడి, నది వదిలేసి వెళ్ళిన పాత పాయ.

రాధారాణి వాల్తేరులో భూగోళశాస్త్రం ఎమ్మే చదివింది. పెళ్ళికి ముందు రెండేళ్ళు ఏలూరు ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పింది. నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసి చూపించిన నది వంపు ఇక్కడ వంటింటి కిటికీలోంచే కనిపించేది. భర్త కృష్ణమోహన్ ఆ ఊరి ఆసుపత్రిలో మత్తు డాక్టరు. ఊళ్ళో అందరికీ ఆయన డాక్టర్ మోహన్, ఆమె మిసెస్ మోహన్. కూతురు రేణు నాలుగో తరగతికి వచ్చాక, పొద్దున్న బస్సెక్కిన పిల్ల తిరిగొచ్చేదాకా ఆ కిటికీ తప్ప ఆమెకు వేరే వ్యాపకం లేకపోయింది.

1980లో అమెరికా జనాభా లెక్కలు వచ్చాయి. ఫారాలు పోస్టులోనే వస్తాయి, నింపి పోస్టులోనే పంపాలి. పంపని ఇళ్ళకు మనిషి వెళ్ళి అడిగి రాసుకోవాలి. అందుకు మనుషులు కావాలని పోస్టాఫీసులో నోటీసు అంటించారు. రాధారాణికి పౌరసత్వం వచ్చి రెండేళ్ళయింది. ఎవరితోనూ అనకుండా వెళ్ళి పరీక్ష రాసింది. సెలెక్టయ్యాకే భోజనాల దగ్గర బయటపెట్టింది.

కృష్ణమోహన్ చారు కలుపుకుంటున్నవాడు ఆగాడు. "ఇంటింటికీ తిరుగుతావా? అదీ బాటమ్స్‌లోనా? హాస్పిటల్లో వాళ్ళు ఏమనుకుంటారు రాధా?"

"ఏమనుకుంటారురా?" అంది బాలమణి.

బాలమణి కృష్ణమోహన్ తల్లి. ఆరునెలలు కొడుకు దగ్గర ఉందామని మంచు కరగకముందే వచ్చింది. ఉంగుటూరు దగ్గర పల్లెల్లో పాతికేళ్ళు పంతులమ్మగా చేసి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి.

"నేను మూడు జనాభా లెక్కలు చేశాన్రా. నలభై ఒకటిలో నువ్వు చంకలో ఉన్నావు. నిన్నెత్తుకునే తిరిగాను. అప్పుడెవరూ ఏమీ అనుకోలేదు. దాన్ని వెళ్ళనీ."

అలా రాధారాణి ఎర్ర, తెలుపు, నీలం రంగుల బ్యాడ్జి పెట్టుకుని, భుజానికి సంచీ తగిలించుకుని బయల్దేరింది. దానికి ముందు ఒక బాప్టిస్టు చర్చి నేలమాళిగలో చెయ్యెత్తించి ప్రమాణం చేయించారు. లెక్కల్లో తెలిసినది ఏదీ, ఎవరికీ, ఎప్పటికీ చెప్పకూడదు. పోలీసులకు చెప్పకూడదు, కోర్టుకు చెప్పకూడదు, ఇంట్లోవాళ్ళకూ చెప్పకూడదు. చెబితే జైలు. ఆమె ఆ మాటలు అక్షరం పొల్లుపోకుండా పలికింది.

మొదటివారం ఏమీ బాగా జరగలేదు. టెహ్రాన్‌లో అమెరికా ఎంబసీవాళ్ళు బందీలుగా ఉన్న రోజులవి. వాళ్ళు తిరిగిరావాలని చెట్లకు పసుపు రిబ్బన్లు కట్టి ఉన్నాయి. ఒక ఇంట్లో తలుపు తీసినాయన ఆమె జడనూ రంగునూ చూసి, "ముందు మా వాళ్ళని వదలమని చెప్పు మీ దేశానికి!" అని అరిచాడు. ఇరాన్ కాదు, ఇండియా అని ఆమె చెప్పేలోపే తలుపు మూసుకుపోయింది. తరవాతి ఇళ్ళలో తలుపులే తెరుచుకోలేదు. కర్టెన్లు మాత్రం కదిలాయి. ఆమె కార్లోకి వచ్చి, స్టీరింగ్ పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది.

ఇంటికి వచ్చి మానేస్తానంది. బాలమణి బీన్స్ తరుగుతూ విని, "తలుపు కొట్టి ఏమన్నావు?" అని అడిగింది.

"సెన్సస్ నుంచి వచ్చానన్నాను అత్తయ్యగారూ."

"అదే తప్పు. మా ఊళ్ళో లెక్కలని చెబితే ఏ పన్నుకో అనుకుని ఆడవాళ్ళు పెరటి గుమ్మంలోంచి జారుకునేవాళ్ళు. ముందు నీ పేరు చెప్పుకోవాలి. ఫలానా వీధిలో ఉంటాను, నాకో పిల్ల అని చెప్పాలి. ఆ తరవాత కాసిని మంచినీళ్ళడగాలి. ఇచ్చిన నీళ్ళు తాగాలి. అప్పుడు సంచీ విప్పాలి."

"అమెరికాలో ఎవరైనా నీళ్ళడుగుతారా?"

"ఇక్కడివాళ్ళకి దాహం వెయ్యదా ఏం? వెళ్ళి అడిగి చూడు."

మర్నాడు అడిగి చూసింది. గోదాము పక్కింటి ముసలావిడ వింతగా చూసి, లోపలికెళ్ళి ఐస్ టీ గ్లాసుతో వచ్చింది. రైల్వేలో పనిచేసి రిటైరైన నల్లాయన వరండాలో కుర్చీ వేసి, తన తండ్రి మిసిసిపీ నుంచి ఈ ఊరికి ఎలా వచ్చాడో చెప్పి, మధ్యలో తనే గుర్తుచేశాడు, "అమ్మా, నీ ఫారం తియ్యి మరి." అరిచినాయన ఇంటికి మళ్ళీ వెళ్ళలేదు. ఆ ఇల్లు సూపర్‌వైజరు వేరేవాళ్ళకు ఇచ్చింది. మిగతా పల్లమంతా మే నెల సగానికి పూర్తయింది. రాధారాణి ఇప్పుడు రోడ్డుమీద వెళ్తుంటే వరండాల్లోంచి చేతులు ఊగేవి.

ఆఖరి వీధిలో ఉండగా ఆమెకు కట్ట అవతల పొగ కనిపించింది. మ్యాపు విప్పి చూసింది. అక్కడ చిత్తడి గుర్తు తప్ప ఏమీ లేదు. కట్టెక్కి చూస్తే విల్లో చెట్ల మధ్య తాడుమీద పిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయి.

సూపర్‌వైజరుకి ఫోన్ చేసింది. "మ్యాపు సంగతి వదిలెయ్యండి. అక్కడ పడుకుని అక్కడే లేచేవాళ్ళుంటే వాళ్ళూ మన లెక్కలోకే" అందావిడ.

కట్టకు ఒకచోట ఇనుపగేటు ఉంది. వరదొచ్చినప్పుడు మూస్తారు, మామూలప్పుడు తీసే ఉంటుంది. గేటు దాటాక మట్టిబాట ముందు పల్లానికి దిగి, తరవాత చెట్లలోకి పోయింది. పక్కనే గుండీల ఫ్యాక్టరీకి ఒకప్పుడు నదిలోంచి గుండీలు కోసే ఆల్చిప్పలు మోసిన రైలుదారి ఉంది. పట్టాలు పీకేశారు గానీ, కంకరగట్టు మిగిలి, చుట్టుపక్కల నేలకంటే నిలువెత్తు పైన ఉంది. రాధారాణి అలవాటుకొద్దీ దాని ఎత్తు కళ్ళతోనే కొలిచి, గట్టుమీదుగా నడిచి వెళ్ళింది.

చెట్ల మధ్య లారీకి తగిలించి లాక్కుపోగల పాత ట్రైలర్ ఇళ్ళు కొన్ని ఉన్నాయి. మొదటిదాని ముందు ముప్ఫై ఏళ్ళ మనిషి నిలబడి ఉంది. క్యానరీ ఏప్రన్ ఇంకా విప్పలేదు. వెనకాల పిల్లలు ఒక్క గెంతులో లోపలికి మాయమయ్యారు.

"ఇక్కడెవరూ ఉండరు" అందామె ఇంగ్లీషులో.

"నా పేరు రాధ. గుట్టమీద ఉంటాను. నాకో కూతురుంది. కాసిని నీళ్ళిస్తారా?"

ఆమె పైనుంచి కిందిదాకా చూసింది. లోపలికెళ్ళి, జామ్ సీసాలో నీళ్ళు తెచ్చిచ్చింది. రాధారాణి అన్నీ తాగింది.

ఆమె పేరు ఒఫేలియా. టెక్సాస్‌లో పుట్టింది. టమాటాల కాలానికని వచ్చి, ఈ ఊళ్ళోనే ఆగిపోయింది. కట్ట అవతల ట్రైలర్లు పెట్టకూడదని సిటీ రూలు. నేల ఎవరిదో వాళ్ళకే సరిగ్గా తెలియదు. ఉన్నవాళ్ళలో కొందరికి ఈ దేశంలో ఉండే కాగితాలున్నాయి, కొందరికి లేవు. తెలిసిందంటే షెరీఫ్ పోలీసులతో వస్తాడు, అందరూ మళ్ళీ రోడ్డుమీదకి.

"నేను ఎవరికీ చెప్పను. ప్రమాణం చేశాను. ఈ కాగితాలు డెబ్బై రెండేళ్ళదాకా ఎవరికీ చూపించరు" అంది రాధారాణి.

ఒఫేలియా లెక్కవేసి, "అప్పటికి మా పెద్దాడికి ఎనభై ఏళ్ళొస్తాయి" అంది. తరవాత, "మీ ఆయనకి కూడా చెప్పవా?"

"ఆయనకి కూడా."

ఒఫేలియాకు నవ్వొచ్చింది. "అయితే అది పెద్ద ప్రమాణమే" అని, ఒక్కో ట్రైలర్ దగ్గరికి తనే తీసుకెళ్ళి, స్పానిష్‌లో ఏదో చెప్పి తలుపులు తీయించింది.

అన్నిటికంటే చివర, పాయ ఒడ్డున కర్రల మీద నిలబెట్టిన గుడిసెలో ఓరిన్ అనే ముసలాయన ఒక కుక్కతో ఉంటున్నాడు. చేపలు పడతాడు. యుద్ధంలో ఫిరంగుల దగ్గర పనిచేసి చెవులు పూర్తిగా పోయాయి. రాధారాణి ప్రశ్నలు రాసి చూపిస్తే జవాబులు చాలా పెద్దగా చెప్పాడు. ఆయన ఇచ్చిన నీళ్ళు ఇనుము రుచి వేశాయి.

ఆ రాత్రి భోజనాల దగ్గర కృష్ణమోహన్ అన్నాడు: "కట్ట అవతల ఎవరో ఉంటున్నారని నర్సులు అనుకుంటున్నారు. నిజమేనా?"

"నన్నడగకండి."

"నాక్కూడా చెప్పవా?"

"మీక్కూడా."

ఆయన మొహం కాస్త చిన్నబోయింది. బాలమణి తలెత్తకుండా మజ్జిగ పోసుకుంటోంది. ఆయనే అన్నాడు, "నిజమేలే. నా పేషెంట్ల సంగతులు నేను నీకు చెబుతున్నానా?" ఆ తరవాత ఆయన ఎప్పుడూ అడగలేదు.

ఫారాలన్నీ అప్పగించి, బ్యాడ్జి తిరిగిచ్చేసిన తరవాత జూన్‌లో వానలు పట్టుకున్నాయి. మార్లో ఫెర్రీలో కురిసిన దానికంటే పైన, నది పుట్టేచోట ఎక్కువ కురిసింది. వరదలో నదికి ఎగువనున్న ఊళ్ళ చెట్లు, కోళ్ళగూళ్ళు కొట్టుకొచ్చాయి. గురువారం మధ్యాహ్నం సైరన్ మోగింది. బాటమ్స్ ఖాళీ చేయమన్నారు. కట్టకున్న ఇనుపగేటు మూసి, దానికి ఇసుకబస్తాలు పేర్చారు.

పల్లంలో జనమంతా గుట్టమీద హైస్కూలు ఆటల హాలు జిమ్‌లోకి చేరారు. ఊళ్ళో ఆడవాళ్ళు సూపులు, శాండ్‌విచ్‌లు తెచ్చారు. బాలమణి నిమ్మకాయ పులిహోర పెద్ద గిన్నెడు కలిపి తెచ్చింది. పచ్చిమిరపకాయలు ఏరి పక్కన పెట్టి, రైల్వే నల్లాయన రెండోసారి పెట్టించుకున్నాడు. రాధారాణి దుప్పట్లు పంచుతూ మొహాలు చూస్తోంది. వరండాల్లోంచి చేతులు ఊపినవాళ్ళంతా ఉన్నారు. ఒఫేలియా లేదు. ఆ పిల్లల్లో ఒక్కరూ లేరు. పెద్దగా మాట్లాడే ముసలాయనా లేడు.

ఆమెకు కట్ట అవతలి బాట కళ్ళముందు కనిపించింది. గేటు దాటగానే పల్లానికి దిగే బాట. నది పొంగితే అందరి ఇళ్ళకంటే ముందు ఆ బాటే మునుగుతుంది. ఇళ్ళలోకి నీళ్ళు రావడానికి ముందే దారి పోయి ఉంటుంది. సైరన్ విన్నా బయటికి రాలేరు. వినపడనివాడికి ఆ సైరన్ కూడా లేదు.

చెప్పేస్తే? చెప్పకూడదని ప్రమాణం చేసింది. జైలు సంగతి అలా ఉంచినా, జామ్ సీసాలో నీళ్ళు తాగి ఒఫేలియాకు మాటిచ్చింది. చెప్పకపోతే? ఆమె చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. బాలమణి దగ్గరికి వచ్చి ఆమె చేతిలోంచి దుప్పటి తీసుకుంది.

"ఏంటమ్మా?"

"చెప్పలేను అత్తయ్యగారూ."

బాలమణి ఆమె మొహంలోకి చూసి, "చెప్పలేకపోతే చెప్పకు. చెయ్యగలిగింది ఉంటే చెయ్యి. రేణుని నేను చూసుకుంటాను" అంది.

ఫైర్ చీఫ్ వాల్ట్ జిమ్ బయట, ట్రక్కు బానెట్ మీద మ్యాపు పరుచుకుని వాకీటాకీలో మాట్లాడుతున్నాడు. పొడుగాటి మనిషి. పొద్దుటినుంచి నీళ్ళలో నిలబడి మోకాళ్ళదాకా బురద. రాధారాణి వెళ్ళి, "కట్ట అవతలికి బోటు పంపించారా?" అని అడిగింది.

"అక్కడెవరున్నారు మిసెస్ మోహన్? వట్టి చిత్తడి. నా దగ్గర ఉన్నది ఒక్క బోటు. పై వంతెన దగ్గర అవసరమైతే పంపాలని ఉంచాను. ఎవరైనా ఉన్నారని మీకు తెలుసా?"

"నేనేమీ చెప్పలేను."

"చెప్పలేనంటే తెలియదనా, చెప్పకూడదనా?"

"చెప్పలేను. కానీ నేను అక్కడికి వెళ్తున్నాను."

వాల్ట్ వాకీటాకీ కింద పెట్టాడు. ఏప్రిల్‌లో ఆమె సంచీ తగిలించుకుని తిరగడం ఊరంతా చూసింది. ఆయనా చూశాడు. మ్యాపు మీద కట్ట అవతలి ఖాళీని వేలితో తట్టాడు.

"ఎవరూ లేనిచోటికి నేను బోటు పంపలేను" అన్నాడు చివరికి. "మీరు చెప్పారని అనలేను, మీరేమీ చెప్పలేదు కనక. కానీ ఒక డాక్టరుగారి భార్య మతిచెడి వరదలోకి బయల్దేరిందనుకోండి, ఆవిణ్ణి వెనక్కి తీసుకురావడానికి బోటు పంపక తప్పదు."

"అయితే నాకు మతి చెడింది."

"లైఫ్ జాకెట్ వేసుకోండి" అన్నాడు వాల్ట్.

కట్టమీద నుంచి బోటు దింపారు. వాల్ట్, ఇంకో ఫైర్‌మన్, రాధారాణి ఎక్కారు. అవతల నేల లేదు. చిత్తడి, బాట, పాత పాయ అన్నీ ఒకే గోధుమరంగు నీళ్ళు. ఫైర్‌మన్ తిన్నగా చెట్లవైపు తిప్పబోయాడు.

"అటు వద్దు. అది వంపుకి బయటివైపు, వడి ఎక్కువుంటుంది. లోపలి ఒడ్డు వెంట వెళ్ళండి. అక్కడ నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి" అంది రాధారాణి.

ఫైర్‌మన్ వాల్ట్ వైపు చూశాడు. "చెప్పినట్టు చెయ్యి" అన్నాడు వాల్ట్. ఏలూరులో పిల్లలకు ఎన్నిసార్లో చెప్పిన పాఠమది. వాళ్ళు నిద్రమొహాలతో రాసుకునేవారు. ఇప్పుడు ఆ పాఠం మీద ముగ్గురి ప్రాణాలు ఉన్నాయి. లోపలి ఒడ్డున నీళ్ళు నిజంగానే నెమ్మదిగా ఉన్నాయి. బోటు ఊగకుండా సాగింది.

ట్రైలర్లు కిటికీలదాకా మునిగి ఉన్నాయి. ఒకటి పక్కకు ఒరిగి చెట్టుకు ఆనుకుంది. మనుషుల జాడ లేదు.

"ఎవరూ లేరు" అన్నాడు ఫైర్‌మన్. అంటూనే ఆ ట్రైలర్ల వైపు చూసి నోరు మూసుకున్నాడు.

పాత రైలుగట్టు గేటువైపు మునిగిపోయినా, చివర ఇంకా నీళ్ళకు పైన, సన్నగా, చెట్ల వెనకాల ఉంది. రాధారాణి అటు చెయ్యి చూపించింది. దగ్గరికి వెళ్ళేసరికి ఆకులు కదిలాయి. ఎవరో పిల్లల తలలు కిందికి వంచుతున్నారు. పసుపుకోట్లు, హెల్మెట్లు చూసి షెరీఫ్ మనుషులనుకున్నారు. నీళ్ళు గట్టు అంచులు తింటున్నా దాక్కునే ఉన్నారు.

పేరుపెట్టి పిలవడానికి నోరు తెరిచింది రాధారాణి. ఆ పేరు ఆమె పలకకూడదు. గొంతెత్తి తన పేరే పిలిచింది.

"నేను రాధని! మీ ఇంట్లో నీళ్ళు తాగిన రాధని!"

ఆకులు రెండుపాయలయ్యాయి. చంకలో ఒకణ్ణి, చేత్తో ఒకణ్ణి పట్టుకుని ఒఫేలియా లేచి నిలబడింది. ఆమె వెనకాల మిగతావాళ్ళంతా ఒక్కొక్కరుగా లేచారు. వాల్ట్ కళ్ళు చెదిరిపోయాయి. "ఓ దేవుడా, ఇంతమందా!" అన్నాడు. అంతకంటే ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ముందు పిల్లల్ని ఎక్కించాడు. ఫైర్‌మన్ వాళ్ళని కట్టమీద దింపి వచ్చేదాకా వాల్ట్, రాధారాణి గట్టుమీదే మిగతావాళ్ళతో నిలబడ్డారు. బోటు మళ్ళీ మళ్ళీ తిరిగింది.

ఆఖరి విడతలో పాయ ఒడ్డున గుడిసె దగ్గరికి వెళ్ళారు. నీళ్ళు గుమ్మం దాటాయి. లోపల కుక్క మొరుగుతోంది. వాల్ట్ తెడ్డుతో తలుపు బాదాడు, కేకలేశాడు. జవాబు లేదు. రాధారాణి చీర కుచ్చిళ్ళు దోపుకుని, కిటికీలోంచి లోపలికి దిగింది. ఓరిన్ బల్లమీద కూర్చుని, ఒళ్ళో కుక్కని పెట్టుకుని, గోడవైపు తిరిగి వల బాగుచేసుకుంటున్నాడు. నీళ్ళు బల్ల కాళ్ళని తడుతున్నాయి. ఆమె భుజం తట్టింది.

ఆయన ఉలిక్కిపడి తిరిగి, ఆమెను గుర్తుపట్టి, ఊరంతా వినిపించేలా అన్నాడు: "మళ్ళీ వచ్చావా? నన్ను లెక్కపెట్టేశావుగా!"

కిటికీ బయట వాల్ట్ నవ్వు ఆపుకోలేకపోయాడు. రాధారాణి నవ్వుతూనే ఏడ్చింది.

జిమ్ గుమ్మంలో వాలంటీరు ఒకావిడ బల్ల వేసుకుని వచ్చినవాళ్ళ పేర్లు, చిరునామాలు అడుగుతోంది. ఒఫేలియా ఆగిపోయి రాధారాణి వైపు చూసింది. రాధారాణి నోరు విప్పలేదు. వాల్ట్ హెల్మెట్ తీసి, "నీళ్ళలోంచి వచ్చారని రాయండి. ప్రస్తుతానికి అది చాలు" అన్నాడు. కృష్ణమోహన్ ఆసుపత్రి నుంచి వచ్చి పిల్లల ఒళ్ళు పట్టి చూస్తున్నాడు. భార్య తడి చీర చూసి తన కోటు విప్పి కప్పాడు. ఎక్కడికెళ్ళావని అడగలేదు.

కట్ట తెగలేదు. ఊట నీళ్ళు బాటమ్స్‌లో మోకాలిలోతు నిలిచాయి, తీశాయి. ఎవరి ప్రాణమూ పోలేదు. కట్ట అవతలి ట్రైలర్లలో మిగిలింది ఒక్కటి. రెండు కుటుంబాలు టెక్సాస్ వెళ్ళిపోయాయి. మిగిలినవాళ్ళు చర్చి నేలమాళిగలో, తెలిసినవాళ్ళ ఇళ్ళలో సర్దుకున్నారు. ఓరిన్‌ని రైల్వే నల్లాయన తన ఇంటి వెనక గదిలో ఉంచుకున్నాడు. ఆయన గొంతుకి పక్కిళ్ళవాళ్ళు కూడా అలవాటుపడ్డారు.

జూలైలో సిటీ హాల్లో మీటింగు పెట్టారు. వరద మ్యాపు కొత్తగా గీయాలి, గేటు ఎప్పుడు మూయాలో కొత్త రూలు రాయాలి. రాధారాణి అత్తగారితో వెళ్ళి వెనక వరుసలో కూర్చుంది. కౌన్సిల్లో ఒకాయన మ్యాపు మీద కర్రపెట్టి, "కట్ట అవతల జనావాసం లేదు కాబట్టి" అని మొదలుపెట్టాడు. వాల్ట్ తలతిప్పి రాధారాణిని చూశాడు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. ఆ ఒక్క వాక్యం ఆమెను ఎంత బాధపెట్టిందో పక్కనున్న బాలమణికే తెలుసు.

అప్పుడు మధ్య వరుసలో కుర్చీ చప్పుడైంది. ఒఫేలియా లేచింది.

"మేం ఉన్నాం" అంది. "నేనున్నాను, మా పిల్లలున్నారు. మీ టమాటాలు డబ్బాల్లో పెట్టేది మేమే. ఎవరూ లేరని మీరంటే గేటు మళ్ళీ మూసేస్తారు. అందుకని నేనే చెబుతున్నాను."

ఒకరిద్దరు గొణిగారు. రూలుకు విరుద్ధంగా ఎలా ఉన్నారని ఒకాయన అడిగాడు. వాల్ట్ లేచి, "రూలు తరవాత చూద్దాం. ఇంతమందిని గేటు బయట పెట్టి తాళం వేసింది నేను. అది ముందు తేల్చండి" అన్నాడు. చర్చ చాలాసేపు నడిచింది. బాలమణికి ఇంగ్లీషు సగమే అందింది గానీ, ఒఫేలియా కూర్చోబోతుంటే ఆ హాల్లో మొట్టమొదట చప్పట్లు కొట్టింది ఆవిడే.

అన్నీ ఒక్కసారే జరగలేదు. చివరికి గుట్టమీద ఒక చివర, ఒకప్పుడు సంత జరిగిన ఖాళీ స్థలంలో ట్రైలర్లు పెట్టుకోవడానికి సిటీ ఒప్పుకుంది. నీళ్ళ గొట్టం, కరెంటు ఇస్తామంది. స్థలం కొలిచి, వాననీరు ఎటు పారుతుందో చూసి ప్లాను గీయడానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది. వాల్ట్ చెప్పగా మేయరు రాధారాణికి ఫోన్ చేశాడు. పూర్తి ఉద్యోగం కాదు, వారానికి మూడు రోజులు. ఆమె భర్తను అడగకుండానే ఒప్పుకుంది. అడగనందుకు ఆయన ఏమీ అనలేదు. పైగా ఆసుపత్రిలో అందరికీ తనే చెప్పుకున్నాడు.

ఆగస్టులో ఒక పొద్దున్న రాధారాణి, ఒఫేలియా ఆ స్థలంలో ఒక్కో ట్రైలర్ చోటుకి గుర్తుగా మేకులు పాతుతున్నారు. గడ్డి ఇంకా తడిగా ఉంది. రాధారాణి ప్లాను చూసి, "నీది ఇక్కడ. వెనక చెట్లున్నాయి, చలిగాలి తగలదు" అంది.

ఒఫేలియా అక్కడ నిలబడి చుట్టూ చూసింది. నాలుగడుగులు పక్కకు వేసి, గుట్ట అంచుదాకా వెళ్ళి ఆగింది. "ఇక్కడ కావాలి. ఇక్కణ్ణించి నది కనిపిస్తుంది."

"నదా? ఇంకా దాన్ని చూడాలనుందా నీకు?"

"అదెక్కడుందో కళ్ళకి కనపడుతుంటేనే నాకు నిద్రపడుతుంది."

రాధారాణి గుట్ట అంచుకు వచ్చి చూసింది. కింద పట్టాలు, పల్లం, కట్ట, దాని అవతల ఎండలో మెరుస్తున్న వంపు. వాలు చూసింది, నేల కాలితో తొక్కి చూసింది. గట్టి నేలే. మేకు పీకి పట్టుకొచ్చి, ఒఫేలియా నిలబడినచోట పాతింది.